కండె తోక

ముప్ఫై ఒక్క ఏళ్లు మగ్గాల హోరులో నిలబడ్డాక
నా చెవులు మిల్లులోనే ఉండిపోయాయి.
ఇంటికి తెచ్చుకున్నది చేతుల్నే.
ఆ చేతులకి మాటలు వచ్చు.
రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని,
మీసం తడిమితే సర్దారు వస్తున్నాడని,
బొటనవేలు పెదవికి ఆనిస్తే టీ అని.
గోగునార ధూళిలో, నాలుగు వరసల అవతల నుంచి
బంటుపల్లి అప్పలసూరి
కూతురు పుట్టిందని నాకు చేత్తోనే చెప్పాడు.
నేనూ చేత్తోనే నవ్వాను.

నెల్లిమర్లలో గేటుకి తాళం పడ్డాక
ఆ భాష మాట్లాడేవాళ్లు తలో దిక్కూ పోయారు.
సూరి విజయనగరంలో ఆటో తోలుతున్నాడు,
హేండిలు వదిలి సైగ చెయ్యలేడు.

అప్పుడు వచ్చింది పిల్లి.
మూసేసిన క్యాంటీను వెనక నుంచి,
ఒంటి నిండా బూడిదరంగు చారలు,
తోక కొసన ఒక వంకర. ఏ తలుపులోనో నలిగి ఉంటుంది.
కండె అని పేరు పెట్టాను.
"పిల్లికి పేరేటి, సోద్దెం కాపోతే" అని ఉంటుంది ఆదెమ్మ;
పెదాలు అలాగే కదిలాయి.

అది ఎలా అరుస్తుందో నాకు తెలీదు.
నోరు తెరిస్తే ఎర్రటి నాలుక కనపడేది, అంతే.
మొదటివారం తోకని అటూ ఇటూ కొడుతుంటే
కుక్కకి మల్లే సంబరమనుకుని చెయ్యి పెట్టాను.
మూడు గీతలు.
పసుపు రాస్తూ ఆదెమ్మ చాలాసేపు నవ్వింది.
మా సర్దారు కర్రతో బూటు మీద కొట్టుకునేవాడే, అదీ దానర్థం:
నీ పని నువ్వు చూసుకో.

తర్వాత తర్వాత పట్టుబడింది.
తోక నిట్రాటలా నిలబెట్టి, కొస మాత్రం కాస్త వంచి వస్తే
"ఏం బావా, బాగున్నావా" అని.
ఆ నిలబెట్టిందే సన్నగా వణికిందంటే
చింతపల్లి చేపలబుట్ట మా వీధి మలుపు తిరిగినట్టు లెక్క.
బుట్ట దించకముందే గిన్నెతో గుమ్మంలో ఉంటాను.
చేపల నూకరత్నం ఏమంటుందో తెలీదు,
బుగ్గ మాత్రం నొక్కుకుంటుంది.
గోడ మీద తొండని చూస్తున్నప్పుడు
ఒళ్లంతా రాయి, కొస ఒక్కటే బతికి ఉంటుంది,
తెగబోయే ముందు పోగు ఊగినట్టు.
ఉరుమూ నాకు తోకలోనే వినపడుతుంది:
సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బి మంచం కిందకి దూరుతుంది.
"బట్టలు తియ్యి" అంటాను.
ఆదెమ్మ ఒకసారి ఆకాశం కేసి, ఒకసారి నా కేసి చూస్తుంది.

మొన్న పెరట్లో అంట్లు తోముతోంది. వెనక నుంచి చూశాను.
కొంగు వదులుగా దోపే మనిషి
బిగించి దోపింది.
జారిన చెంగుని ఒక్క విసురు విసిరింది,
అక్కడ ఎవరూ లేరు.
పొద్దున్న పులుసులో ఉప్పు లేదన్నాను.
నా గొంతు ఎంత గట్టిదో నాకేం తెలుసు?
ఎన్నేళ్లుగా ఆ కొంగు అలా మాట్లాడుతోందో.
ఎదురుగా వెళ్లి నిలబడి
రెండు వేళ్లు కత్తెరలా ఆడించి, గాల్లో ముడి వేసి చూపించాను.
దారం తెగింది, కడుతున్నాను.
ఆమెకి ఆ భాష రాదు.
బూడిద చేత్తో నన్ను పక్కకి నెట్టింది.
కాసేపటికి కొంగు మాత్రం వదులయ్యింది.

ఈ రాత్రి కండె నా ఒళ్లో పడుకుంది.
తోక తెచ్చి నా మణికట్టుకి ఒక చుట్టు చుట్టింది,
వంకర కొస నాడి మీద ఆనింది.
దీనికి మాట వెతుకుతున్నాను.
మా నాలుగు వరసల్లో
ఎవరూ ఎవరికీ ఇలా చెప్పుకున్నది గుర్తు లేదు.
చెయ్యి తిమ్మిరెక్కింది.
కదపలేదు.