గ్రహణం పట్టని గది

ఈ గదికి కిటికీ లేదు.
పొద్దుగాల ఏడింటికి లైటు దానంతటదే వెలుగుతది,
రాత్రి ఏడింటికి దానంతటదే ఆరుతది.
బయట నల్లగొండ,
లతీఫ్‌సాబ్ గుట్ట మీద ఎండ పెంకులెక్క కాగుతది.
సూర్యుడంటే ఏందో ఎరుగని ఎలుకలు
మక్కబెండు పొట్టుల మొఖం దాసుకొని పండుకుంటయి.

శుక్రవారం తెల్లారేసరికి
పదిహేడో నంబరు డబ్బాల ఈనింది.
తొమ్మిది.
తోలు ఎంత పలుచనంటే
తాగిన పాలు పొట్టల తెల్లగ కనవడ్తయి.
ఏడింటికి పాలచుక్క.
రెండింటి పొట్టల ఉత్త గాలి.

సన్న చిమ్టతోని నోరు తెరిచి చూస్త.
అంగిట్ల సందు.
కడుపుల పదిహేనో దినాన
నాలుక పక్కలకెల్లి లేచి
నడుమ కలువవలసిన రెండు రెక్కలు
లేవలే.
లేవమని చెప్పే అక్షరం
తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి చెరిగి ఉన్నది.
చూస్తే ఇద్దరు మంచిగనే ఉన్నరు,
పొట్టు తవ్వుకుంట, మీసాలు దువ్వుకుంట.
రిజిస్టర్ల రాస్త: తొమ్మిదిట్ల రెండు.

మా ఇంట్ల ముగ్గురిట్ల ఒకడు.
జానయ్య.
తాగిన పాలు ముక్కులకెల్లి వచ్చేటియి.
"అమ్మ" అని మాత్రం సాఫుగ అనేటోడు,
ఆ మాటకు ముక్కు చాలు.
"అక్క" అనవోతే గాలి దారి తప్పేది.
ఆ గాలికే నేను పలుకుడు నేర్చుకున్న.

నాయనమ్మ రామనర్సమ్మకు
సచ్చేదాంక ఒక్కటే మాట:
"గ్రాణం పూట కత్తిపీట ముట్టింది. గోకరకాయ కోసింది."
మా దిక్కు కాలు వంకరవోతే నీళ్లనంటరు,
సర్కారునంటరు, లారీలెక్కి పట్నం పోతరు.
పెదవి చీలితే
పొయ్యికాడి ఆడిదాన్ని అంటరు.
అమ్మ మళ్ల గోకరకాయ వండలే.
తమ్మునికి కుట్లేసి, మచ్చ మీద మీసం మొలిచినంక గూడ
వండలే.

ఆదివారం చండూరు వోయి చెప్పిన.
ఎలుకల గదిల గ్రహణం లేదే అమ్మా,
కత్తిపీట లేదు, అయినా చీలింది.
జీను అన్న. అక్షరం అన్న.
మన జానయ్యల చెరిగింది గదే అక్షరమో కాదో
ఇంక తెల్వదని గూడ చెప్పిన, దాసలే.
అమ్మ బియ్యం చెరుగుకుంటనే విన్నది.
ఒక రాయి ఏరి పక్కకు వెట్టి అడిగింది:
"ఆ రెండు పిల్లలు ఏమైనయి బిడ్డ?"

చెప్పిన.
పాలు దిగక దినం గడవదని.
మేం అంతదాంక ఉంచమని.
చేతులు ఎక్కడ వెట్టుకోవాల్నో తెల్వలే.

చానసేపటికి, చాట దిక్కే చూసుకుంట:
"ఆ తల్లెలుకను ఎవరన్న ఏమన్న అన్నరా?"

లేదన్న.

చాట మళ్ల కదిలింది.

సోమవారం ఏడింటికి లైటు వెలిగింది.
పదిహేడో డబ్బాల ఏడు పిల్లలను ఒక మూలకు నూకి
ఆ తల్లి
ఇంకో మూలకు పొట్టు తవ్వుతనే ఉన్నది.
రిజిస్టర్ల దానికి గడి లేదు.