ఆరో కాలు

గుజరాతీ గల్లీల హస్ముఖ్ భాయ్
ట్రిపుల్ ఫైవ్ చిప్పులను పిడికిలితో కొలుస్తడు.
డబ్బాల చెయ్యి పెట్టి, నల్లజీలకర్ర తీసినట్టు తీసి
పాత కేలండర్ కాగితంల పొట్లం కడతడు.
మంచియేనా అని అడిగితే నవ్వుతడు:
"పుచ్చకాయైతే కొట్టి చూస్తం, అండాలమ్మా,
దీన్నేం కొట్టి చూస్తవ్?"

ఆ మాటే పట్టుకున్నది నన్ను,
కోఠి నుంచి అంబర్‌పేట దాకా, బస్సుల నిలబడి.

ఇరవై రెండేండ్ల సంది ల్యాబ్ తాళం నా కొంగుకే.
పిల్లలు ప్లస్సుకు మైనస్సు కలుపుడు,
మసిలే చిప్పు మీద వేలు పెట్టి "అబ్బా" అనుడు,
ఎవరూ చూడకుండా దాన్నే మళ్ల డబ్బాల వేసుడు,
అన్నీ చూసిన.
బతికినయి, చచ్చినయి, అన్నీ ఒక్క డబ్బాలనే.
మొఖం చూస్తే తెల్వది.
చచ్చిన చిప్పు కుళ్లది, వాసన రాదు,
ఎనిమిది కాళ్ల మీద బుద్ధిగా నిలబడే ఉంటది.

ఆదివారం
పాత సబ్బుపెట్టె కడిగి ఆరబెట్టిన.
దబ్బనం కాల్చి మూతకు రెండు బెజ్జాలు పొడిచిన,
ఎర్ర బల్బుకొకటి, పచ్చ బల్బుకొకటి.
"ఏం మాడింది?" అని పక్కింటి జహీరా గోడ మీంచి అడిగింది.
చిప్పు కూసునే బేసు నడుమ పెట్టి
నాలుగును ఎనిమిదితో కలిపిన, రెండును ఆరుతో.
ఒకటి నేలకు.
ఏడుకు అటొక రెసిస్టరు, ఇటొక రెసిస్టరు.
ఐదుకు చిన్న కెపాసిటరు,
లేకున్నా నడుస్తది గని, ఉండనీ అని.
మూడో కాలు నుంచి మాట బయటికొస్తది:
ఎర్ర, పచ్చ, ఎర్ర, పచ్చ,
అట్లంటే పానం ఉన్నట్టు.
ఒక్కటే వెలిగి అట్లనే కూసుంటే పోయినట్టు.

సోమవారం పొట్లం విప్పిన.
పదకొండు చిప్పులు.
పదకొండింటికీ పచ్చ వెలిగింది, కదలలేదు.
మొదటిదానికి "అయ్యో" అన్న.
నాలుగోదానికి "దొంగ" అన్న.
పదకొండోది తీసేసరికి ఫోను చేతిలనే ఉన్నది.
"గీకినయి మీద కొత్త నంబరు అచ్చేసి అమ్ముతున్నవా?
పిల్లల ఫీజు పైసలు భాయ్ అవి!"
అటు దిక్కు చాలాసేపు సప్పుడు లేదు.
తర్వాత, మెల్లగ:
"తెచ్చియ్యి. పైసలు తీస్కపో."

గా సాయంత్రం మీనాజ్ వచ్చింది.
సెకండియర్, మాట తక్కువ, రికార్డు బుక్కు ఎప్పుడూ లేటు.
చిప్పుల దిక్కు చూడనే లేదు.
సబ్బుపెట్టె విప్పి, బోర్డు బోర్లేసి,
కిటికీ వెలుతురుకు పట్టింది.
"మేడమ్, గీ ఆరో కాలు టంకం మెరుస్తలేదు."

చూసిన.
ఏడు చుక్కలు వెండి లెక్క.
ఒకటి మబ్బు పట్టిన కన్ను లెక్క.
నా చెయ్యే. నా టంకమే.
కావిడి కాల్చి అక్కడ ఒక్కసారి ఆనించిన,
లెక్కపెట్టి మూడు వరకు.
ఎర్ర, పచ్చ, ఎర్ర, పచ్చ.
రెండోది. మూడోది.
పదకొండుల తొమ్మిది కండ్లు తెరిచినయి.
నిజంగ పోయినయి రెండే.

మాఫీ అడుగుదామని కోఠికి పోయిన.
దారి పొడుగూత మాటలు పేర్చుకున్న.
తీరా దుకాణం ముందల నోట్లకెల్లి వచ్చింది ఇదొక్కటే:
"ఆరో కాలుకు టంకం అంటలే, భాయ్."
సబ్బుపెట్టె గల్లా పక్కన పెట్టిన.

గల్లీల కరెంటు పోయి ఉన్నది.
ఆయన డబ్బాలకెల్లి ఒకటి తీసి పెట్టిండు.
ఎర్ర, పచ్చ, ఎర్ర, పచ్చ,
ఆయన తెల్ల గడ్డం మీద పడుతున్నది.
ఇంకోటి పెట్టిండు.
పచ్చ.
అట్లనే పచ్చ.

హస్ముఖ్ భాయ్ చిప్పును తియ్యలేదు,
పారెయ్యలేదు.
కండ్లద్దాలు నొసటికి ఎక్కించి
బోర్డును బోర్లేసి
ముందుగాల ఆరో కాలు చూసిండు.