సున్నం లెక్క

ఫుజైరాలో మా క్లినిక్‌కి రెండు మిషన్లు.
పాతది వెనక గదిలో. ఒంటి కన్నుది,
తిరిగేటప్పుడు రుబ్బురోలులా మూలుగుతుంది.
కొత్తది ముందు అద్దాల గదిలో. రెండు కళ్ళు,
మనిషి ఊపిరి బిగబట్టేలోపే పని ముగించేస్తుంది.

మొగిలి లస్మయ్య, యాభై రెండేళ్ళు.
ఖిద్ఫాలో సముద్రాన్ని మంచినీళ్ళు చేసే ప్లాంటు.
ఇరవై ఏళ్ళుగా ఆయన పని
గొట్టాల్లో పేరుకున్న సున్నం గీకడం.

పోయిన మంగళవారం పాతదాని మీద: నూట నలభై.
ఇవాళ కొత్తదాని మీద: తొంభై ఆరు.
రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి
"ఏది నిజం బిడ్డా?
నడుమ నలభై నాలుగు ఎటువోయె?"

చెప్పబోయాను.
గుండె ఆగదు కదా పెద్దయ్యా,
పాతది దానితో పరిగెత్తలేదు.
కదిలే సున్నపు చుక్క
తడి గోడ మీద వేలు రాసినట్టు సాగిపోతుంది,
సాగినంత మేరా లెక్కలో పడుతుంది.
కొత్తది మాత్రం దెబ్బకీ దెబ్బకీ మధ్య
గుండె కాస్త నిలిచే సందు చూసి

ఆయన వినట్లేదు.
బల్ల ఇనప కాలిని వేలి కణుపుతో కొడుతున్నాడు.
"ఠంగుమంటే ఖాళీ. డబ్బుమంటే పట్టింది.
మేమైతే నీళ్ళు బందు వెట్టి గీకుతం.
దీన్ని ఎట్ల బందు వెడ్తరు?"

మా అమ్మ కోపమొస్తే
సున్నంలోకి ఎముక లేకుండా చేస్తాననేది.
ఎముకలో ఉండాల్సిన సున్నం
గుండెకెందుకు ఎక్కిందో
ఏ మిషనూ చెప్పదు.

ఏమనాలో తోచక
కోర్సులో విన్నది చెప్పాను:
ఒకప్పుడు ఇంకో రకం ఉండేదట,
అందులో చక్రం తిరగదు, కిరణమే చీపురులా ఊడ్చుకుపోతుంది.
తెలివైనది, ఖరీదైనది. నేను ఫొటోలోనే చూశాను.
"అంటే గుండె కంటె ముందు
మిషనే వోయిందన్నట్టు"
నవ్వాడు. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

వంద దాటితే వాళ్ళ కంపెనీ ట్యాంకుల్లోకి దిగనివ్వదు.
దిగకపోతే ఓవర్‌టైం లేదు.
తొంభై ఆరు కాగితం మడిచి పైజేబులో పెట్టుకున్నాడు.
"ఇది కంపెనీకి."
నూట నలభైని ఇంకా చిన్నగా మడిచి
పర్సులో, సిమ్ కార్డు వెనక.
"ఇది నాకు."

ఆయన వెళ్ళాక
లైటు ఆర్పడానికి వెనక గదికి వెళ్ళి
పాత మిషన్ డొక్కలో వేలితో కొట్టాను.
రెండుసార్లు కొట్టాను.
ఏం వినాలో నాకు తెలీదు.