పన్నెండు కిలోల ఉన్ని

నారిన్ ఆసుపత్రిలో డాక్టరు
కాగితం మీద నా గుండెను చూసి
"బాగానే కొట్టుకుంటోంది" అన్నాడు.
ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి
బూటులో దోపుకుని బస్సెక్కాను.
బాగానే కొట్టుకునే గుండె
రాత్రి మూడింటికి లేచి
అప్పులవాడు తలుపు బాదినట్టు ఎందుకు బాదుతుందో
బస్సులో ఎవరినీ అడగలేదు.

సైకాల్ అక్క పోయి నలభై తొమ్మిది రోజులు.
నలభయ్యో రోజు గొర్రెను కోశాం, ఊరంతా తిన్నారు.
నాకు మాత్రం ముద్ద
రొమ్ముటెముక కింద ఆగిపోయి
దిగనూ దిగదు, పైకీ రాదు.
దువ్వెన నిండా జుట్టు.
నిద్రలో దవడలు బిగుసుకుని
పొద్దున రొట్టె కొరకలేనంత సలుపు.
టీ గిన్నె పట్టుకుంటే అందులో అలలు.
"భూకంపమా అమ్మా?" అన్నాడు ఎర్మెక్,
ఏడేళ్ళవాడు, నన్ను నవ్విద్దామని.

చావింటి గుడారంలో ఆడవాళ్ళం
గోడవైపు తిరిగి కూర్చుని
పోయినవాళ్ళ మీద పాటకట్టి ఏడవడం
మా ఆనవాయితీ.
అక్క మీద పాట కట్టాల్సింది నేనే.
గోడకున్న కంబళి మీద
పొట్టేలు కొమ్ముల అల్లిక లెక్కపెట్టాను,
నలభై మూడు.
నోరు తెరిస్తే గాలి వచ్చింది.
అంతే.

పక్కింటి జూరకాన్ ఓదార్చే మనిషి కాదు.
ఆదివారం పొద్దున్నే మా గుమ్మంలో
మూడు బస్తాలు దించింది.
"పన్నెండు కిలోలు. ఎండ ఉండగానే కానివ్వాలి.
నా ఒక్కదానివల్ల కాదు" అంది.
అబద్ధం.
ఒంటిచేత్తో గుర్రానికి కళ్ళెం వేసే మనిషి.

తోలు పరిచి ఉన్ని పోశాం.
చెరో రెండు సన్నటి బెత్తాలు.
నా మొదటి దెబ్బకు ఈగ కూడా లేవలేదు.
"గొర్రె ఎప్పుడో గడ్డి మేయడానికి పోయింది,
దానికి నొప్పేమీ పుట్టదు, కొట్టు."
కొట్టాను.
పేడ పొడి లేచింది, ఎండుగడ్డి, పల్లేరుకాయలు,
ఏ కొండ మీదిదో ఎర్రమట్టి.
కొట్టినకొద్దీ ఉన్ని పొంగింది
పొయ్యి మీద మరిచిపోయిన పాలలా.
చెవులదాకా ఎక్కి కూర్చున్న నా భుజాలు
ఎప్పుడు దిగాయో నాకు తెలియదు.
జూరకాన్ చూసిందేమో. చెప్పలేదు.

మధ్యాహ్నానికి రెల్లుచాప మీద పరిచి
సలసల కాగే నీళ్ళు చిలకరించి
చాపను చుట్టి, తాడు కట్టి,
ఇద్దరం కాళ్ళతో తన్నుతూ పెరడంతా దొర్లించాం.
ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని
మోచేతులతో ఒత్తడం.
ముందుకి. వెనక్కి. ముందుకి.
ఒత్తిన ప్రతిసారీ జూరకాన్ "హూఁ" అంటోంది.
కాసేపటికి నేనూ అన్నాను.
ఎన్నో "హూఁ" దగ్గరో
అది పనిచేసే మనిషి చప్పుడు కాకుండా పోయింది.
ముక్కు కారుతోంది, గడ్డం తడుస్తోంది,
అక్క పేరు ఉన్నిలోకి పడుతోంది
సబ్బునీళ్ళతో పాటు.
జూరకాన్ లెక్క తప్పనివ్వలేదు.
ముందుకి. వెనక్కి.

సాయంత్రం వెన్న రాసిన రొట్టెలు మూడు తిన్నాను.
నాలుగోది ఎర్మెక్ దగ్గర లాక్కుని.

ఇప్పుడు ముంజేతుల మీద తోలు లేచింది,
నడుము విరిగినట్టుంది,
వేళ్ళ నిండా గొర్రె వాసన.
ఈ నొప్పికి మొదలు తెలుసు,
ఎక్కడుందంటే చెయ్యి పెట్టి చూపించగలను.
ఏ డాక్టరూ అక్కర్లేదు.

రాత్రి మూడింటికి మెలకువ రానే వచ్చింది.
దడ కూడా.
బయటికి వెళ్ళాను, ఆట్‌బాషి కొండల మీద మంచు,
కంచె మీద కంబళి బరువుగా వేలాడుతోంది.
అరచెయ్యి పెట్టి చూశాను.
అంచులు ఆరాయి.
నడిమధ్య ఇంకా తడి.
ఊపిరి తీస్తే కడుపుదాకా వెళ్ళింది,
చల్లగా, ఒక్కసారి.

పొద్దున్నే తిరగెయ్యాలి,
రెండోవైపు ఎండ తగలాలి.
జూరకాన్ ఇంట్లో
ఇంకో రెండు బస్తాలున్నాయట.