పొదుగు

నా సంచీలో ఏడు థర్మామీటర్లు, ఒక స్క్రూడ్రైవర్ల పొట్లం,
మూత సరిగ్గా పట్టని పులిహోర డబ్బా.
వేడిని నమ్మకపోవడం నా ఉద్యోగం.
పెట్టె ముప్పై ఏడు అంటే
నిజమేనా అని మళ్ళీ అడగడం.

తుపాను వెళ్ళిన మర్నాడు, పొద్దున్నే రెడ్ హిల్స్.
హేచరీలో పదివేల గుడ్లు
గంటకోసారి కిర్రుమంటూ ఒక పక్కకి ఒరుగుతాయి.
పెట్ట ముక్కుతో చేసే పని, మోటారు చేస్తోంది.
పిచ్చాండి కళ్ళద్దాల మీద పసుపుపచ్చ నూగు.
"అరడిగ్రీ, అంతేనమ్మా,
అటో ఇటో అయితే ఇరవై ఒకటో రోజు గోల ఉండదు"
అంటాడు. గోల లేని రోజుని అతను
రెండుసార్లు చూశాడట.

పదకొండుకి వేళచ్చేరి ల్యాబు.
అదే ముప్పై ఏడు.
గాజు పళ్ళెంలో ఎవరిదో టైఫాయిడ్
చుక్కలు చుక్కలుగా మొలుస్తోంది.
తలుపు మూశాక పెట్టెకి
కోడిపిల్లా క్రిమీ ఒక్కటే.
వెచ్చదనానికి మంచీ చెడూ తెలీదు.
ఈ మాట రాయడానికి
నా రిపోర్టులో గడి లేదు.

తరమణి నించి ఫోను: "ఇంక్యుబేటర్ చల్లబడట్లేదు మేడమ్."
చల్లబడటమేమిటి అనుకుంటూనే వెళ్ళాను.
అది ఆఫీసు.
గాజు తలుపు మీద నా యంత్రం పేరే, బంగారు అక్షరాల్లో.
లోపల బల్లకో కంపెనీ.
చెడిపోయింది ఏసీ.
ఇద్దరం నవ్వుకున్నాం, నేనూ ఇళంపరిదీ.
పద్దెనిమిది నెలలు ఇస్తారట అద్దె లేకుండా,
సలహాలూ, కాఫీ, కాస్త పెట్టుబడీ.
ఆలోగా పెంకు పగలకపోతే
బల్ల తుడిచి ఇంకొకరికి.
మురిగిన గుడ్లని పిచ్చాండి
దీపానికి అడ్డంపెట్టి ఏరే తీరు గుర్తొచ్చింది.
చెప్పలేదు.
పులిహోర సగం అతనికి పెట్టాను.

మా భాషలో పొదగడమంటే గుడ్ల మీద కూచోవడం.
పొదుగంటే ఆవుకి పాలు నిండే చోటు.
ఉంగరంలో రాయిని కూర్చడం కూడా పొదగడమే.
మా నాన్నకి తెలిసింది ఆ మూడోది.
షావుకారుపేటలో, కిటికీ లేని గదిలో
ఎర్రరాయి చుట్టూ బంగారపు అంచుని
ఊపిరి బిగబట్టి నొక్కేవాడు.
వదులైతే రాలుతుంది, బిగువైతే చిట్లుతుంది.
నేను చదివిన పరికరాల పుస్తకాలన్నీ
ఈ ఒక్క సంగతినే గ్రాఫులు గీసి చెప్పాయి.

సాయంత్రం ఎగ్మూరు. నెలలు నిండని పిల్లల వార్డు.
నాలుగో పెట్టెలో తొమ్మిది వందల నలభై గ్రాములు,
ఇంకా పేరు లేదు.
చీటీ మీద 'బేబీ ఆఫ్ నూకరత్నం'.
నా ఏడు థర్మామీటర్లలో ఐదు
పెట్టె అబద్ధమాడుతోందన్నాయి.
హీటరు విప్పాలి. నలభై నిమిషాలు.
తక్కిన పెట్టెలన్నీ నిండి ఉన్నాయి.
తల్లి ఇంకా ఆపరేషన్ మత్తులో ఉంది.

సిస్టర్ కనకమణి బయటికి తొంగిచూసి పిలిచింది.
మెట్రో సొరంగం పని మధ్యలోంచి వచ్చిన సిమ్మాచలం,
పలాస మనిషి,
గోళ్ళలో సిమెంటు పోయేదాకా మూడుసార్లు చేతులు కడిగి
చొక్కా గుండీలు విప్పి కూచున్నాడు.
టోపీ, డైపరు తప్ప ఏమీ లేని ఆ పిల్లని
అతని రొమ్ముమీద బోర్లా పెట్టి
మెత్తటి గుడ్డతో చుట్టింది సిస్టర్.

స్క్రూలు విప్పుతూ వింటున్నాను.
అతని దగ్గర చప్పుడే లేదు.
తల తిప్పి చూస్తే
ఊపిరి బిగబట్టి, రాయిలా.
"పీల్చుకో అన్నా," అంది సిస్టర్,
"నువ్వు పీలిస్తేనే దానికి పీల్చాలని గుర్తొస్తుంది."

పెట్టె బాగైంది.
పిల్ల చంకలో ముప్పై ఆరూ పాయింట్ ఏడు.
నమ్మక, ఇంకో థర్మామీటరు పెట్టాను.
అదీ అంతే అంది.

"అయిపోయిందా?" అడిగాడు సిమ్మాచలం, మెల్లిగా.
అయిపోయిందని చెప్పాలి.
సంచీ సర్దుతూ,
ఇంకా ఒక స్క్రూ ఉంది అన్నాను.