నాలుగో నంబరు చెరువు

ఏరియేటర్లు ఆగితే ఆమెకు మెలకువ వచ్చేది.
చప్పుడుకు లేచేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు,
చప్పుడు లేదని ఉలిక్కిపడి లేచిన మనిషిని
బేబమ్మనొక్కదాన్నే చూశాను.

మొగల్తూరు దాటాక, వశిష్ఠ ఉప్పుగాలి తగిలే చోట
కుమారరాజు గారివి పదకొండు రొయ్యల చెరువులు.
తాతాజీ మేత లెక్కలు రాసేవాడు,
నేను రాత్రి కాపలా.
బేబమ్మ పాకలో బల్బు కింద కూచుని
నర్సాపురం ఏజెంటుకి లేసు అల్లేది
కళ్ళు మంటలెత్తేదాకా.
"ఎవరి బల్లకో గుడ్డ అల్లుతున్నాను,
మనకి బల్ల ఎప్పుడొస్తాది?" అనేది.
తాతాజీ నవ్వేవాడు.
తర్వాత నవ్వడం తగ్గించాడు.
తర్వాత గట్టు మీద నడుస్తూ
అడుగులు లెక్కపెట్టడం మొదలెట్టాడు,
కొలిచేవాడిలా కాదు, కొనేవాడిలా.

రాజు గారికి వెనకాముందూ ఎవరూ లేరు.
కౌలు కాగితం తాతాజీ పేరు మీదే రాయించి
"నా తర్వాత నువ్వే చూసుకోవాల్రా" అన్నారు.
ఆ మాటలో 'తర్వాత' ఒక్కటే
వాళ్ళిద్దరి చెవుల్లో పడింది.

నీటికుక్కల బెడదని
నాలుగో నంబరు చుట్టూ తీగ కట్టాం.
రాత్రి పదింటికి కరెంటు, తెల్లవారుజాము నాలుగింటికి ఆపెయ్యాలి.
నాలుగున్నరకి రాజు గారొస్తారు,
గట్టు మీద చెప్పులు విడిచి,
చెక్ ట్రే పైకి లాగి,
రొయ్యపిల్లను అరచేతిలో పెట్టుకుని
దాంతో ఏదో మాట్లాడతారు.

ఆ కార్తీకంలో ఓ రోజు, నాలుగింటికి,
తాతాజీ స్విచ్చు దగ్గర నిలబడ్డాడు. వెనక బేబమ్మ.
ఆమె ఏమీ అనలేదు.
అతని చెయ్యి పైకి లేచింది.
ఆమె దాని మీద తన చెయ్యి వేసి
మెల్లగా కిందికి దించింది,
జ్వరమొచ్చిన పిల్లాడి చెయ్యి
దుప్పట్లోకి సర్దినట్టు.

నేను నిద్ర నటించాను.
కాసేపటికి ఫ్యూజు కొట్టేసి
చెరువులన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి.

ఊరు ప్రమాదమంది. పోలీసులు అదే రాశారు.
ఆ నెల జీతంలో నాకు అయిదువేలు ఎక్కువొచ్చాయి,
లెక్కపెట్టుకున్నాను.
గట్టు మీది చెప్పులు మాత్రం
రెండ్రోజుల దాకా ఎవరూ తియ్యలేదు.

పదకొండు పంతొమ్మిదయ్యాయి.
పక్కచేలు ఉప్పెక్కాయి, కొబ్బరి మొవ్వులు ఎండాయి,
తాతాజీ ఆగలేదు. ఆగితే వినపడుతుందేమో.
గడపలో చెప్పులు కనిపిస్తే తన్నేసేవాడు,
చుట్టాలు వాటిని చేత్తో పట్టుకుని లోపలికొచ్చేవారు.

పాలిష్ బల్ల వచ్చింది.
దాని మీదికి బేబమ్మ లేసు మొదలెట్టింది.
అల్లేది, విప్పేది.
"దారం కొస దొరకట్లేదు" అనేది,
కొస ఆమె వేలికే చుట్టుకుని ఉండేది.
ఒకరోజు "ఇనపసూది వద్దు, షాక్ కొడతంది" అంది.
వెదురుపుల్ల చెక్కిచ్చాను.

మొదట్లో ఒకరి నిద్రకి ఒకరు కాపలా.
తర్వాత మాటలు మేతబస్తాల మీదే.
"ఎన్ని?" "నలభై."
ఒక్కసారి మాత్రం అతను నోరు తెరిచాడు:
"ఆపడానికే లేచింది నా చెయ్యి."
"రెండోది లేదా నీకు?" అందామె.
ఆ ఇంట్లో మొగుడూపెళ్ళాలు అనుకున్న
ఆఖరి మాట అదే.

తెల్లమచ్చ తెగులొచ్చిన ఏడు
పంతొమ్మిదీ వారంలో తేలిపోయాయి.
బాకీలవాళ్ళొచ్చారు. కరెంటు పీకేశారు.
చప్పుడు ఆగింది.

బేబమ్మ లేచింది.
నాలుగో నంబరు గట్టు మీద చెప్పులు జతగా విడిచి
తీగని రెండు చేతులా పట్టుకుంది.
తీగలో ఏమీ లేదు.
అయినా వదల్లేదు, తెల్లారేదాకా.

అవతలి గట్టున తాతాజీ నిలబడి ఉన్నాడు.
కరెంటు లేదని అతనికి తెలుసు.
ఉందనుకున్నా కదిలేవాడు కాదేమో,
నేనడగలేదు.

వెలుతురొచ్చాక చెరో గట్టూ పట్టుకుని వెళ్ళిపోయారు,
అతను రేవు వైపు, ఆమె రోడ్డు వైపు.
చెప్పులు నేనే తీశాను,
ఈసారి రెండ్రోజులు ఆగలేదు.