మైనస్ ఆరువందల పది

ఆటోనగర్ చివరి వీధిలో మా షెడ్డు.
ఇటు కమాన్ కట్టల షాపు, అటు టీకొట్టు,
మధ్యలో మేము, వెలుతురుతో లోహాన్ని కొట్టేవాళ్లం.
సింధియా మీంచి వచ్చే ఉప్పుగాలికి
మా తలుపు ఏడాదికో పొర రాలుస్తుంది.

టైటానియం రెక్కకు నల్లటేపు అంటిస్తాం.
దాని మీంచి పలచగా నీళ్లు పారిస్తాం
(మే నెలలో ట్యాంకరు రాకపోతే పని బంద్).
ఆ నీటి పొర కింద ఒక్క మెరుపు,
రెప్పపాటును కోటి ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్కంత సేపు.
టేపు ఆవిరై ఎగరబోతుంది, నీళ్లు ఎగరనివ్వవు.
ఎటూ పోలేని ఆ కోపం
లోహంలోకి దిగుతుంది.

టప్.

పెసరగింజంత మచ్చ. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది.
సగం దాని మీదికి జరిగి ఇంకొకటి,
దాని మీదికి మరొకటి,
కోనాం చేప పొలుసుల్లా అంచు పొడుగునా.

నా పని ఆ తర్వాత.
లోపల ఎంత బిగుసుకుందో చూడాలి.
చూడాలంటే గుచ్చాలి. ఎక్స్‌రే యంత్రం కొనే స్తోమత
మా ఓనరుకి ఇంకా రాలేదు.
గోరంత గేజి జిగురుతో అంటించి
జుట్టుకన్నా సన్నటి తీగలు అతికి
నడుమ బియ్యపుగింజ వెడల్పున రంధ్రం తొలుస్తాను
కొంచెం, ఇంకొంచెం, ఊపిరి బిగబట్టి.
రంధ్రం పడ్డచోట లోహం కాస్త సర్దుకుంటుంది,
పంటిబిగువున దాచుకున్నదాన్ని
ఎవరో అడిగినందుకు వదిలినట్టు.
స్క్రీను మీద అంకె నిలుస్తుంది.

మైనస్ ఆరువందల పది.

మైనస్ చూసి ఇంత సంబరపడేది
గాజువాక మొత్తంలో నేనొక్కదాన్నే.

ఎల్లాజీ బాబాయ్ వచ్చింది ఆ మధ్యాహ్నమే,
నేనడిగిన స్పానర్ ఇవ్వడానికి.
కట్టల షాపులో నలభై రెండేళ్లు బాల్‌పిన్ సుత్తి.
ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం.
"ఏటమ్మా, కొట్టుడంటారు, సుత్తేదీ?"
చూపించాను. నమ్మలేదు.
టేబులు మీద అరచెయ్యి ఆనించాడు.

టప్.

కళ్లు మూసుకున్నాడు.
"ఔన్లే. దెబ్బే. మంచి దెబ్బ."

ఆ మీదట అడిగాడు,
నా డిప్లొమా మూడేళ్లలో ఎవరూ అడగని మాట:
"పైన అంతేసి నొక్కేరు గదా,
లోపల ఆ బాకీ ఎవుడు కడతన్నాడు?"

పైపొర ఎంత కుదించుకుంటే
నడుము అంత సాగదీసుకుంటుంది.
మొత్తం లెక్క సున్నాకే రావాలి.
బల్ల మీద ఊరికే పడున్న రెక్క,
ఏ బరువూ లేదు, ఎవరూ తాకడం లేదు,
లోపల మాత్రం తాడు లాగుడు నడుస్తూనే ఉంది.
అదంతా అతని కుడి చెవిలో రెండుసార్లు అరిచి చెప్పాను.
తెలిసిన కబురే అన్నట్టు తలూపాడు.

మా అమ్మమ్మ అనేది,
అప్పులో, నిప్పులో, పగలో శేషం ఉంచకూడదని.
మేము ఉంచుతాం. కొలిచి మరీ ఉంచుతాం.
కోట్లసార్లు వణికే రెక్క అంచున
వెంట్రుకవాసి బీట నోరు తెరవబోతే
ఈ శేషమే దాని పెదాలు అదిమి పట్టుకోవాలి.

కొలిచిన రెక్క మళ్లీ పనికి పోదు.
దాని తోబుట్టువులు పదకొండు
దీని మాట మీద పెట్టెలో బయల్దేరతాయి.
స్క్రాపు డబ్బాలో వెయ్యబోతుంటే
బాబాయ్ కుడిచెయ్యి చాపి తీసుకున్నాడు.
చిన్న రంధ్రంలోంచి ట్యూబులైటు వంక చూశాడు.

"మాకు గేజీల్లేవమ్మా.
అనంతగిరి ఘాటీ ఎక్కి లారీ తిరిగొస్తే
దెబ్బ సరిపోనట్టు.
రాకపోతే..."

బయట ట్యాంకరు హారన్ కొట్టింది.
నేను లేచాను.
అతనికి వినబడలేదు.
ఎడమ అరచెయ్యి ఇంకా టేబులు మీదే ఉంది,
తర్వాతి దెబ్బ కోసం.